రెండో అంతస్తు తొట్టి, మొదటి అంతస్తు మరక

ఆ శనివారానికి హార్మెన్ తామింగ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. పొద్దున్నే తొట్టిలో సగం నీళ్లు తీసి కొత్తవి పోయాలి. అద్దాలు తుడవాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. రెండింటికి న్యాయనిర్ణేత వస్తాడు, చూస్తాడు, మార్కులు వేస్తాడు, కాఫీ తాగి వెళ్లిపోతాడు.

ఫ్రీస్‌లాండ్ ప్రాంతపు లేవార్డెన్‌లో కాలువ మీది వంతెనను ఎత్తి దించడం హార్మెన్ ఉద్యోగం. పడవ వస్తే ఎత్తాలి, పోయాక దించాలి. మధ్యలో ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక. ఆ తీరికంతా అతను ఇంట్లో ముందు గదిలో ఉన్న, చేపలూ నీటి మొక్కలూ పెంచే అద్దాల తొట్టికే ఖర్చు పెట్టేవాడు. ఏ ఆకు పసుపెక్కింది, దానికి ఇనుము తక్కువైందా, వెలుతురు ఎక్కువైందా, నాచు ఏ మూల నుంచి మొదలైంది అన్నవి తప్ప ఇంకో ఆలోచన ఉండేది కాదు. అంత పెద్ద తొట్టిని పోటీకి మోసుకెళ్లడం ఎవరివల్లా కాదు కనక పోటీ పెట్టే తొట్టెల సంఘం వాళ్లే ఏటా ఒక న్యాయనిర్ణేతను ఇంటింటికీ పంపుతారు. మూడేళ్లుగా హార్మెన్‌ది జిల్లాలో రెండో స్థానం. మొదటి స్థానం ఒక పళ్ల డాక్టరుది. ఆ మూడేళ్లూ హార్మెన్ పన్ను నొప్పిని ఓర్చుకున్నాడు కాని ఆయన దగ్గరికి పోలేదు.

అతని భార్య రిన్స్కె రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. గురువారం సాయంత్రం ఆమె ఇంటికొస్తుంటే మొదటి అంతస్తులో ఉండే, అందరూ మెవ్రౌ, అంటే అమ్మగారు, అని పిలిచే హుక్‌స్త్రా మెట్ల మీద ఆపింది. మెవ్రౌ హుక్‌స్త్రా ఒకప్పుడు బడిలో ఆటల టీచరు. ఎనభైకి దగ్గరపడినా నిలబడితే ఇప్పటికీ ఈల వేయబోతున్నట్టే ఉంటుంది.

"మా గది పైకప్పు మీద మరక పడింది రిన్స్కె. మొదట నాణెమంత ఉండేది. ఇప్పుడు పళ్లెమంత అయింది."

"అయ్యో. మా వల్లేనంటారా?"

"అది నేనెలా చెప్తాను? ఇళ్ల సంఘానికి ఫోన్ చేశాను. శనివారం నాలుగింటికి మనిషిని పంపుతున్నారు. మీ ఇల్లు కూడా చూస్తాడట."

"శనివారమే రావాలా మెవ్రౌ? ఆ రోజు హార్మెన్‌కి పోటీ."

"మరకకి పోటీ సంగతి తెలీదు కదమ్మా."

రిన్స్కె మెట్లెక్కుతూ లెక్క వేసుకుంది. న్యాయనిర్ణేత రెండింటికి వస్తే మూడింటికల్లా పోతాడు. పైకప్పు మనిషి వచ్చేది నాలుగింటికి. ఇద్దరూ ఎదురుపడే అవకాశమే లేదు. హార్మెన్ ఇప్పటికే సరిగా అన్నం తినడం లేదు, నిద్రలో కూడా మొక్కల పేర్లు చెబుతున్నాడు. ఈ మరక సంగతి అతనికి శనివారం సాయంత్రం చెబితే చాలనుకుంది. గురువారమే చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

శనివారం పొద్దున నీళ్ల పని బాగానే జరిగింది. పసిబిడ్డ స్నానానికి చూసుకున్నట్టు హార్మెన్ మోచేత్తో వేడి చూసుకుని కొత్త నీళ్లు పోశాడు. మధ్యాహ్నానికి ఆకుల అంచులన్నిటా సన్నటి బుడగలు ముత్యాల్లా లేచాయి. కొత్త నీళ్లు పోసిన రోజే మొక్కలు అలా మెరుస్తాయి. ఆ మెరుపు కోసమే అతను నీళ్ల పని ఆ రోజుకు పెట్టుకున్నాడు.

రెండు కాకముందే గంట మోగింది. గుమ్మంలో బూడిదరంగు కోటు, చేతిలో సంచీతో ఒక సన్నటి మనిషి.

"చూడటానికి వచ్చానండి," అన్నాడు. "దీనికి ముందు ఇల్లు తొందరగా అయిపోయింది. అందుకని ముందే వచ్చేశాను. క్లావర్ నా పేరు."

పేరు చెప్పే సమయానికి హార్మెన్ ఆయన కోటు అందుకుంటూ "ఆ మెట్టు కాస్త ఎత్తు, జాగ్రత్త మెనేర్" అని మర్యాదగా అంటున్నాడు. అందుకని వినలేదు. ఈసారి వచ్చేది పక్కనున్న ద్రెంతె ప్రాంతం నుంచి కొత్త న్యాయనిర్ణేత అనీ, ఓస్టింగ్ అని పేరనీ, మాటలు తక్కువనీ తొట్టెల సంఘం కార్యదర్శి ముందే చెప్పి ఉంచాడు. వచ్చినాయనకి మాటలు తక్కువగానే ఉన్నాయి. హార్మెన్‌కి అది చాలింది.

రిన్స్కె కాఫీ తెచ్చింది. బిస్కెట్ల డబ్బా తీసి, ఒకటి తీసుకోమని, మూత పెట్టింది. మళ్లీ ఏమనుకుందో, మూత తీసి రెండోది కూడా తీసుకోమంది. క్లావర్ తలెత్తి ఆమె వంక చూశాడు. ఆ ఊళ్లో కాఫీకి ఒక్క బిస్కెట్ ఇవ్వడమే మర్యాద. ఆయన సర్వీసులో రెండో బిస్కెట్ ఇచ్చిన ఇళ్లు మూడో నాలుగో. ఆ ఇళ్లన్నిటా నేలలో ఏదో ఒకటి దాచారు.

"ఎన్ని లీటర్లుంటుంది ఇది?" అన్నాడు.

"ఐదు వందలు. ఇసకా రాళ్లూ కలిపితే బరువు ఇంకా ఎక్కువే," అన్నాడు హార్మెన్. "ఈ వీధిలో ఇంత పెద్దది లేదు."

క్లావర్ రాసుకున్నాడు. "నీళ్లు బయటికి వస్తుంటాయా?"

"ప్రతి శనివారం. సగం."

పెన్ను ఆగింది. "సగమా?"

"పావు వంతుతో సరిపెట్టే వాళ్లున్నారు. అది బద్ధకం అంటాను నేను. పదకొండేళ్లలో ఒక్క వారం మానలేదు. ఇవాళ పొద్దున కూడా అయింది."

"కింద వాళ్లకి ఈ సంగతి తెలుసా?"

పోటీలో మూడో స్థానం వాడూ నాలుగో స్థానం వాడూ హార్మెన్ కళ్ల ముందు మెదిలారు. "కింద వాళ్లకి తెలియకూడదనే కదండీ నేను ఎవరికీ చెప్పనిది. తెలిస్తే ఊరుకుంటారా?"

"ఊరుకోరు," అని క్లావర్ ఒప్పుకున్నాడు. "ఒలకడం లాంటివి?"

"నేల తడవకుండా ఈ పని చేశానని ఎవరైనా అంటే వాడు అబద్ధాలకోరు."

ఇంత నిజాయితీ గల ఇంటాయనను క్లావర్ అంతకుముందు చూడలేదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని సంచీలోంచి రెండు సూదులున్న చిన్న యంత్రం తీశాడు. దాన్ని తొట్టి బల్ల పక్కన చెక్క నేలలోకి గుచ్చాడు. న్యాయనిర్ణేతలు నీళ్లలో కాగితం ముక్కలు ముంచడం, వేడి కొలవడం హార్మెన్ చూశాడు. ఇది చూడలేదు.

"ఇది కొత్త పద్ధతాండీ?"

"పోయిన ఏడు వచ్చింది."

"నీళ్లలో పెట్టరా?"

"నీళ్లలో పెడితే నీళ్లున్నాయనే చెబుతుంది. అది నాకు కనిపిస్తూనే ఉంది."

ఆ మాటలో ఏదో లోతుందని హార్మెన్‌కి తోచింది. అయితే ఈయన మొక్కల వైపు ఒక్కసారి కూడా చూడకపోవడం బాధగా ఉంది. అందుకని తనే మొదలుపెట్టాడు. "ఈ లోబీలియా మొక్కల వరస చూడండి మెనేర్. ముందు పొట్టివి, వెనక్కి పోయేకొద్దీ ఎత్తు. లైడెన్ వీధి అంటాం కదా, అది కుదరడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ ఎడమ మూల మాత్రం చూడకండి. అక్కడ క్రిప్టు మొక్కలు పెట్టిన ప్రతిసారీ జానెడు ఎదిగి, ఆకులు గాజులా అయి, కరిగిపోతాయి. ఇనుమిచ్చాను, ఎరువిచ్చాను, దీపం మార్చాను. నిలవలేదు."

"వీధులూ మూలలూ నాకక్కర్లేదండి. నేను చూడాల్సింది నేల."

హార్మెన్ ఒక అడుగు దగ్గరికి జరిగాడు. మొక్క బాగోగులన్నీ తొట్టి అడుగున ఉన్న నేలలోనే ఉంటాయని పాతకాలపు సభ్యులు అనేవారు. ఇప్పటి వరకు ఏ న్యాయనిర్ణేతా దాన్ని పట్టించుకోలేదు. "నేల బాగుంటేనే అన్నీ బాగుంటాయి," అన్నాడు భక్తిగా.

"అందుకే. కాని ఇంత బరువు పైన ఉంటే తెలియదు. ఖాళీ చేయాలి."

"ఖాళీ అంటే?"

"అడుగంటేదాకా."

"ఇప్పుడా?"

"మీకు ఇష్టం లేకపోతే వద్దు. ఒప్పుకోలేదని రాసుకుని పోతాను. అలా రాస్తే మీకే మంచిది కాదు."

హార్మెన్ ఒక్క క్షణం పళ్ల డాక్టరు గురించి ఆలోచించాడు. ఆయన తొట్టి కూడా ఇలాగే ఖాళీ చేయించి ఉంటారా, ఆయన నవ్వుతూ చేయించుకుని ఉంటాడా అనుకున్నాడు. తరవాత లోపలికి వెళ్లి గొట్టం తెచ్చాడు.

సరిగ్గా అప్పుడే కింద గంట మోగింది. నాలుగింటి మనిషి రెండుంపావుకే వచ్చేశాడనుకుని రిన్స్కె పరుగున మెట్లు దిగింది. గుమ్మంలో సైకిల్ తొక్కి రొప్పుతున్న బొద్దు మనిషి. ఒక చేతిలో పెద్ద తోలుపెట్టె. ఆయనే ఓస్టింగ్. వంతెన ఎత్తి ఉంటే పడవలన్నీ పోయేదాకా ఆగి వస్తున్నాడు.

"తామింగ గారిల్లు ఇదేనాండీ? క్షమించాలి, నేను..."

"తెలుసు, తెలుసు. ముందే వచ్చేశారు. ఏం ఫరవాలేదు," అంది రిన్స్కె.

తను ఆలస్యంగా వచ్చిన సంగతి ఓస్టింగ్‌కి బాగా తెలుసు. ఫ్రీస్‌లాండ్ వాళ్ల మర్యాద ఇలా ఉంటుంది కాబోలు అనుకుని ఆయన లోపలికొచ్చాడు. "రెండో అంతస్తు అన్నారు," అంటూ మెట్లెక్కబోయాడు.

రిన్స్కె మెట్లకు అడ్డంగా నిలబడింది. "పైన చూడటానికేమీ లేదండి. ఏదో చిన్న తొట్టి. చెప్పుకోదగ్గ నీళ్లు కూడా ఉండవు అందులో. మీరు చూడాల్సింది ఇక్కడ, మొదటి అంతస్తులో." అని తలుపు కొట్టి, "మెవ్రౌ, మనిషి వచ్చారు," అని చెప్పి, న్యాయనిర్ణేతకి కేకు తేవడానికి తను పనిచేసే దుకాణానికి పరుగెత్తింది.

మెవ్రౌ హుక్‌స్త్రా ఆయనను గది మధ్యలో నిలబెట్టి వేలు పైకెత్తింది. "అదుగో."

ఓస్టింగ్ చాలాసేపు మరక వంక చూశాడు. "ఏమిటండి అది?"

"మీరే చెప్పాలి. దానికేగా వచ్చారు."

"నేను తొట్టి చూడటానికి వచ్చానండి."

ఆమె నడుం మీద చెయ్యి వేసుకుంది. "అంటే నా తొట్టి మీద అనుమానమా? నీళ్లు పైకి కూడా కారతాయా మీ సంఘంలో? చూసుకోండి, కిటికీ దగ్గరుంది. అందులోంచి చుక్క బయటికి పోదు."

ఓస్టింగ్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. పెట్టె నెమ్మదిగా కింద పెట్టాడు. చేతిసంచీ అంత పొడవు తొట్టి. గాలి గొట్టం లేదు, నీటిని తిప్పే యంత్రం చప్పుడు లేదు, దీపం కూడా లేదు. ఉత్తరం కిటికీ వెలుతురే. లోపల క్రిప్టు మొక్కలు, కంచు రంగువీ ఆకుపచ్చవీ కలిసి అడవిలా దట్టంగా ఉన్నాయి. పూలకుండీ పెంకు మీద జావా ఫెర్న్ అనే నీటి మొక్క వేళ్లూనింది. ఆ నీడల్లో బియ్యపు గింజంత చేపపిల్లలు తిరుగుతున్నాయి. నీళ్లు ఉన్నాయా లేవా అన్నంత తేటగా ఉన్నాయి.

"నీళ్లు ఎప్పుడెప్పుడు మారుస్తారండి?" గొంతు తగ్గించి అడిగాడు.

"మార్చను."

"నెలకోసారైనా?"

"ఎందుకు? తగ్గితే బాల్కనీలో పట్టిన వాన నీళ్లు కాసిని పోస్తాను. మా ఊళ్లో వానకేం తక్కువ?"

"ఎరువు?"

"చేపలున్నాయిగా."

ఓస్టింగ్ పెట్టె తెరిచి కాగితం ముక్క ముంచాడు. చెడ్డ నీళ్లలో ఎర్రబడాల్సిన ఆ కాగితం తెల్లగానే ఉండిపోయింది. కాగితం పాతదేమోనని ఇంకోటి ముంచాడు. అదీ అంతే. అప్పుడాయన కుర్చీ లాక్కుని కూర్చుని, తామింగ అని పైన రాసి ఉన్న మార్కుల కాగితం తీశాడు. చూడటానికి ఏమీ లేదని ఆ ఇల్లాలు ఎంత అణకువగా చెప్పిందో తలుచుకుని, ఒక్కో గడిలో అంతకుముందు ఎవరికీ వేయనన్ని మార్కులు వేయడం మొదలుపెట్టాడు.

రిన్స్కె కేకుతో తిరిగొచ్చి పైన తలుపు తీసేసరికి ముందు గదిలో చేపలు రెండు బకెట్లలోనూ సూపు గిన్నెలోనూ ఉన్నాయి. తొట్టిలో నీళ్లు బెత్తెడు లోతుకు దిగాయి. నాలుగేళ్ల లైడెన్ వీధి తడిసిన జుట్టులా అడుక్కి అతుక్కుని పడుంది. హార్మెన్ ఒక చేత్తో గొట్టం పట్టుకుని ఉన్నాడు. గొట్టం గది మధ్య నుంచి స్నానాల గదిలోకి పోయింది.

"ఏం చేస్తున్నావు హార్మెన్?" అంది.

"మెనేర్‌కి నేల చూపిస్తున్నాను."

"ఏ నేల?"

"ఏ నేలేమిటి, తొట్టి అడుగున ఉండే నేల."

"కాదండి," అన్నాడు క్లావర్. "నేను చెప్పేది ఈ నేల." అని కాలెత్తి బలంగా తన్ని చూపించాడు.

ఆ గొట్టం రెండు ముక్కలు కలిపి చేసింది. క్లావర్ కాలు సరిగ్గా అతుకు మీద పడింది. ముక్కలు రెండూ విడిపోయాయి. హార్మెన్ తేరుకుని గొట్టం పైకెత్తి బొటనవేలితో మూసే లోపల రెండు బకెట్ల నీళ్లు పాత చెక్కల సందుల్లోంచి దారి చూసుకుని మాయమయ్యాయి.

క్లావర్ వంగి సూదులు గుచ్చాడు. యంత్రం కీచుమంది. "తడి ఉంది," అని రాసుకున్నాడు.

"ఇప్పుడు మీరు తన్నితేనే కదండీ అయింది."

"ఎప్పుడైంది అని మా కాగితంలో గడి లేదు. ఉందా లేదా అనే ఉంది."

హార్మెన్ ఆయన వంక మొదటిసారి సరిగ్గా చూశాడు. "మీరు ఓస్టింగ్ గారు కాదా?"

"క్లావర్‌ని. చెప్పాను కదా. ఇళ్ల సంఘం తరఫున కింద పైకప్పు మరక గురించి వచ్చాను. పైనుంచి కిందికి చూసుకుంటూ పోవడం మా పద్ధతి. నీళ్లు కూడా అలాగే పోతాయి."

రిన్స్కె మెట్ల వైపు తిరిగింది. "మరి నేను కింద దిగబెట్టింది ఎవర్ని?" అంది నెమ్మదిగా.

ముగ్గురూ కిందికి దిగారు. మెవ్రౌ హుక్‌స్త్రా గదిలో కిటికీ వైపు పైకప్పు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. ఆమె కింద బకెట్ పెట్టి, దాని పక్కనే కూర్చుని ఓస్టింగ్‌తో కాఫీ తాగుతోంది.

"ఇందాకటిదాకా మరకే ఉండేది," అంది ఆమె హార్మెన్‌తో. "మా వల్లేనా అని రిన్స్కె అడిగింది. మీరు మరక మీదేనని రుజువు చేశారు."

క్లావర్ కుర్చీ ఎక్కి పాత మరకలో సూదులు గుచ్చాడు. అది గదికి ఆ చివర, గోడ వారగా ఉంది. తొట్టికీ దానికీ మధ్య ఒక గదంత దూరం. "ఈ గోడలో వేడి నీళ్ల గొట్టం కారుతోంది," అన్నాడు. "అది సంఘానిది. సంఘం బాగుచేయిస్తుంది."

"అయితే నా తొట్టికీ ఆ మరకకీ సంబంధం లేదా?" అన్నాడు హార్మెన్.

"ఆ మరకకి లేదు. ఈ కొత్తది మాత్రం మీదే." అని పైనుంచి తన కోటు తెప్పించుకుని, అందరికీ చెయ్యి అందించి వెళ్లిపోయాడు.

ఓస్టింగ్ లేచాడు. ఎవరు ఎవరో ఆయనకి అర్థమయ్యేసరికి రిన్స్కె సంగతంతా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన పైకి వెళ్లి తొట్టి చూసి కిందికొచ్చాడు. "తొట్టిలో నీళ్లుండాలని మా నియమాల్లో ఎక్కడా లేదు," అన్నాడు విచారంగా. "అలా రాయాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు. కాని నీళ్లు లేని తొట్టికి ఏ గడిలో ఏం వేయను? ఇవాళ్టితో నా తిరుగుడు కూడా అయిపోతుంది, మళ్లీ రాలేను." మార్కుల కాగితం చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఇది మాత్రం నిండిపోయింది. పైన మీ పేరుంది, లోపల ఈమె తొట్టి ఉంది. జిల్లాలో ఇన్ని మార్కులు ఎవరికీ రాలేదు."

"ఆ పేరే ఉండనివ్వండి," అంది మెవ్రౌ హుక్‌స్త్రా. "నాకు బహుమతి కప్పులు తుడిచే ఓపిక లేదు."

హార్మెన్ కిటికీ దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. కంచు రంగు ఆకుల అంచున ఉన్న సన్నటి మడతలు అతనికి తెలుసు. అలాంటివి తన ఎడమ మూలలో ఎన్నోసార్లు పెట్టాడు, ఎన్నోసార్లు పీకి పారేశాడు.

"ఇవెక్కడివి మెవ్రౌ?"

"మీవే. చెత్తలో వేయడానికి మెట్ల మీద బకెట్‌లో పెడతారు కదా. ఆకులు కుళ్లాయి కాని వేళ్లు గట్టిగానే ఉన్నాయి. పోనీ పాపమని తెచ్చి గుచ్చాను."

"తరవాత ఏం చేశారు?"

"ఏమీ చేయలేదు. ఎందుకు, మీరేం చేసేవారు?"

హార్మెన్ చెప్పాడు. వారం వారం సగం నీళ్లు, ఇనుము, ఎరువు, కొత్త దీపం, ఆకు వాడిపోతే ఇంకాస్త నీళ్లు, ఇంకాస్త ఇనుము. చెబుతూ ఉంటే అతనికే గొంతు తగ్గిపోయింది.

"పాపం," అంది ఆమె. మొక్కలను అన్నదో అతన్ని అన్నదో ఎవరికీ తెలియలేదు.

రిన్స్కె భర్త మొహం చూసింది. మూడేళ్ల రెండో స్థానం, పన్ను నొప్పి, ఇవాళ్టి చొక్కా, అన్నీ ఆ మొహంలో ఉన్నాయి. ఇప్పుడు పేరు ఉండనివ్వమంటాడేమో, అంటే తను ఏమనాలో ఆమెకి తోచలేదు.

"పేరు మార్చండి మెనేర్," అన్నాడు హార్మెన్. "ఇవి నా దగ్గర చచ్చాయి, ఇక్కడ బతికాయి. నా పేరు మీద కప్పు తీసుకుంటే రోజూ ఇదే మెట్ల మీద ఈమెకి ఎదురుపడాలి."

"ఈమె సభ్యురాలు కాదు కదా."

"నా సభ్యత్వం కింద ఇంకొకరిని చేర్చుకోవచ్చు. ఆ రుసుం నేనే కడతాను. ఆ పైకప్పుకి సున్నం కూడా నేనే వేస్తాను."

"సున్నం ముందు," అంది మెవ్రౌ హుక్‌స్త్రా.

ఓస్టింగ్ పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశాడు. తరవాత ఆయనా హార్మెన్ కలిసి పైకి వెళ్లి చేపలు బకెట్లలో ఉండగానే తొట్టి నింపారు. న్యాయనిర్ణేతలు ఆ పని చేయకూడదు. కాని ఆయనకి ఆ వేళ ఇంకెవరి ఇంటికీ పోవాలనిపించలేదు.

జిల్లా కప్పు ఆ ఏడు మొదటి అంతస్తుకు వచ్చింది. పళ్ల డాక్టరు రెండోవాడయ్యాడు. ఆ కబురు విన్న వారమే హార్మెన్ వెళ్లి పన్ను చూపించుకున్నాడు. ఎడమ మూలలో మళ్లీ క్రిప్టు మొక్కలు నాటి, ఆ వైపు చెయ్యి పెట్టకుండా ఉండటానికి శనివారాలు వంతెన దగ్గర అదనపు డ్యూటీ వేయించుకున్నాడు. వసంతంలో జరిగిన సభలో మొక్కల ఆరోగ్యం మీద మాట్లాడమని సంఘం వాళ్లు మెవ్రౌ హుక్‌స్త్రాను పిలిచారు. ఆమె ప్రసంగం రెండు వాక్యాల్లో అయిపోయింది. ప్రశ్నలకి మాత్రం ఇంకో శనివారం కేటాయించాల్సి వచ్చింది.